నూటికి తొంభై ఒక్కరు

ఆరో సాక్షి లోపలికి వెళ్ళి పావుగంటయింది. నాది ఏడు. చొక్కాకి పిన్నుతో గుచ్చిన అట్టముక్క మీద ఆ అంకె ఒక్కటే ఉంది, పేరు లేదు, అదీ ఒకందుకు మంచిదే, అంకెలైతే నాకు అలవాటు, ముప్ఫై నాలుగేళ్ళు వాటి మధ్యే బతికాను, మనుషులు నా బల్ల మీదికి అంకెలుగానే వచ్చేవాళ్ళు, ఇవాళ నేనే ఒక అంకెనై బెంచీ మీద కూర్చున్నాను. చెక్క బెంచీ, అరిగి అరిగి నున్నబడిపోయింది, ముందుకి జారుతూ వెనక్కి సర్దుకుంటూ ఎంతమంది ఎదురుచూశారో దీని మీద. పక్కన మా అమ్మాయి. ఊరందరికీ ఏ పేరైనా నాకు మాత్రం పిట్టే, పుట్టినప్పుడు అంతే ఉండేది. ఇప్పుడు ఆరో నెల, రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని గోడకున్న తెర వంక చూస్తోంది. లోపల కమిటీ గదిలో జరిగేదంతా ఆ తెర మీద కనిపిస్తుంది. చట్టసభవాళ్ళ ఆరోగ్య కమిటీ. బిల్లు పేరు బారెడుంది, పిట్టకి కంఠతా వచ్చు, నాకు రాదు. కానుపుకి ముందూ తర్వాతా తల్లి మనసుకి కూడా వైద్యం అందాలి, అందేలా చట్టం చెయ్యాలి, అదీ సంగతి. నా ఒళ్ళో నేను చదవాల్సిన కాగితం ఉంది. మూడు నిమిషాలు. బిల్లు కోసం తిరుగుతున్న లాయరమ్మ రాసిచ్చింది. మొదటి వాక్యం, ‘నా భార్యని ఎవరూ ఏమీ అడగలేదు.’ నిదానంగా చదివితే చాలు, గదిలో చీమ చిటుక్కుమన్నా వినబడుతుంది, చూడండి, అంది. మంచి వాక్యమే. నిజం కాదు, అదొక్కటే దానిలో లోపం.

అడిగారు. ఇరవై ఏడేళ్ళ కిందట, పిట్టకి ఆరో వారం నడుస్తుండగా, ఒక మంగళవారం పొద్దున్న ఆరోగ్య కేంద్రం నర్సు మా మెట్లెక్కి వచ్చి, సంచీలోంచి అడగాల్సిన కాగితం తీసింది. లేత నీలం కాగితం, పది ప్రశ్నలు, ఒక్కో ప్రశ్న పక్కన నాలుగు గడులు. ఆ కాగితం సంగతి తెలిసినవాళ్ళం ఇద్దరమే, ఆ నర్సూ నేనూ. ఆవిడ పోయి తొమ్మిదేళ్ళయింది, పేపర్లో మూలన తపాలాబిళ్ళంత ఫోటో వేశారు. ఇక మిగిలింది నేను. లోపలికెళ్ళి లాయరమ్మ రాసిచ్చిన కాగితం చదివేస్తే నన్ను కాదనేవాళ్ళు లేరు, పిట్ట నా చెయ్యి పట్టుకుని బస్సెక్కిస్తుంది, కిటికీ పక్క సీటు నాకిస్తుంది, బాగా చెప్పావు నాన్నా అంటుంది. జరిగింది చెబితే ఏమంటుందో తెలియదు. పొద్దున లేచిన దగ్గర్నుంచీ ఈ రెండిటి చుట్టూ తిరుగుతున్నాను, గడ్డం గీసుకుంటూ, చెప్పులు వేసుకుంటూ, బస్సులో, ఇక్కడి గేటు దగ్గర సంచీ విప్పి చూపిస్తూ.

“మంచినీళ్ళు తాగుతావా?” 

“వద్దమ్మా.”

“పొద్దున్నుంచీ ఇదే పాట. లోపల గొంతు పట్టేస్తే నీ బదులు నేను చదవాలా ఏంటి?” అని లేచి, నడుం పట్టుకుంటూ మూలనున్న నీళ్ళ యంత్రం దగ్గరికెళ్ళి, కాగితం గ్లాసులో సగం వేడివీ సగం చల్లవీ పట్టి తెచ్చింది. పై పన్ను జివ్వుమంటుందని నేను ఎప్పుడో ఒకసారి అన్నాను, అంతే, ఆ తర్వాత నాకు చల్లటి నీళ్ళు ఇవ్వలేదు. ఇలాంటివి దీనికి ఎవరు నేర్పారో. అక్క నేర్పి ఉండదు. మా అక్క దీన్ని పెంచింది, కడుపు నిండా పెట్టింది, జ్వరమొస్తే రాత్రంతా కూర్చుంది, కానీ ప్రేమని కూడా కేకలేస్తూనే పంచేది, గ్లాసు ఎదుట టక్కున పెట్టి తాగు అనేది. ఇది మాత్రం గ్లాసు చేతికిచ్చి, నేను పట్టుకున్నానని తెలిశాకే వదులుతుంది. వాళ్ళమ్మ అలా ఇచ్చేది. పదకొండు వారాల పిల్ల ఏం చూసి నేర్చుకుంటుంది, ఊరికే అనుకుంటాను, అలా అనుకోవడం నాకు బాగుంటుంది. గోరువెచ్చటి నీళ్ళు దిగుతుంటే పన్ను ఊరుకుంది.

మా ఆఫీసు గణాంకాలది. ఊళ్ళనించీ ఆస్పత్రులనించీ బళ్ళనించీ కాగితాలు కట్టలు కట్టలుగా వచ్చేవి, వాటిని విప్పి, సరిచూసి, పట్టికలకెక్కించడం మా పని. చేరిన మొదటి వారమే పెద్ద గుమాస్తా నా కుర్చీ వెనక నిలబడి చెప్పాడు, “ఇదిగో అబ్బాయ్, ఖాళీ గడి అనేది ఉండకూడదు. గడి ఖాళీగా పైకెళ్ళిందంటే కాగితం వెనక్కొస్తుంది, వెనక్కొస్తే నా ప్రాణం తీస్తుంది.” మరి వాళ్ళు రాయకపోతేనో అన్నాను. “రాయకపోతే నువ్వున్నావుగా, ఎందుకు మరి నీకు డిగ్రీ!” అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. దానికో పద్ధతి ఉండేది. పై ఇంట్లో ఏముందో కింది ఇంట్లో ఏముందో చూసి మధ్య ఇంటికి అదే వెయ్యాలి. వయసు రాయకపోతే పెద్దపిల్ల వయసుకి ఇరవై కలపాలి. చేతికి అలవాటైపోతే ఖాళీ గడి కనిపించగానే వేళ్ళు దురద పెట్టేవి, అన్నంలో రాయి తగిలినట్టుండేది. ఇంకో కిటుకు కూడా నేర్చుకున్నాను. నింపినవి మరీ ఒకేలా ఉంటే పైవాళ్ళకి అనుమానం వస్తుంది, అక్కడక్కడ కాస్త తేడా చూపించాలి, అప్పుడది మనుషులు రాసినట్టుంటుంది. ఆ తేడాలు వెయ్యడంలో నాది మంచి చెయ్యి అనేవాళ్ళు.

ఆ మంగళవారం నాకు సెలవు. నర్సు గుమ్మంలో నిలబడి, ముంగురులు చెమటకి నుదుటికి అంటుకుపోయి, తల్లి ఏదీ అంది. పడుకుంది అని చెప్పాను. లేపమంటారా అనలేదు. ఆవిడ గడియారం చూసుకుంది. ఆ రోజుకి ఇంకా ఇరవై రెండు ఇళ్ళున్నాయట, ఇద్దరు నర్సుల పని ఆవిడొక్కతే చేస్తోందట. “లేచాక ఆవిడ చేతే నింపించండి సార్, పక్కన ఎవరూ ఉండకుండా చూడండి, రేపు ఇటే వెళ్తూ తీసుకుంటాను,” అంది. చదువుకున్నవాణ్ణి కదా అని నమ్మింది. పిల్ల చెంప మీద వేలితో రాసి, ముద్దొస్తోంది తల్లీ అని, మెట్లు దిగి వెళ్ళిపోయింది. కాగితం బల్ల మీద ఉంది. పది వరసలు, నలభై గడులు, అన్నీ ఖాళీ. 

గోడ మీది తెరలో ఆరో సాక్షి అయిపోయాడు. ఇప్పుడు ఆరోగ్య శాఖ అధికారి మాట్లాడుతున్నాడు, మధ్యలో వివరణట, ఆ తర్వాతే నన్ను పిలుస్తారట. తెల్లచొక్కా, సన్నటి కళ్ళద్దాలు, నెమ్మదస్తుడిలాగే ఉన్నాడు, కాగితాలు తిప్పేముందు వేలు తడి చేసుకోడు, ఆ శుభ్రత నాకు నచ్చింది. నాలుగో సెక్షన్ అక్కర్లేదంటున్నాడు. నాలుగో సెక్షనే అసలు బిల్లు, లాయరమ్మ నాకు నాలుగుసార్లు చెప్పింది. ప్రసవమైన ప్రతి తల్లినీ ఆరో వారంలో ఒకసారి, మూడో నెలలో ఒకసారి, శిక్షణ పొందిన మనిషి ఒంటరిగా కలవాలి, ఎదురుగా కూర్చుని నోటితో అడగాలి, కాగితం ఇచ్చేసి రాకూడదు, బాగాలేదని తేలితే వారం తిరిగేలోగా డాక్టరు చూడాలి. దానికి మనుషులు కావాలి. అధికారి అంటున్నాడు, “అమ్మా, సభ్యులందరికీ మనవి. ఈ పరీక్ష మనకి కొత్త కాదు. దాదాపు ముప్ఫై ఏళ్ళుగా చేస్తూనే ఉన్నాం. మొదటి ఏడాదే నూటికి తొంభై ఒక్కమంది తల్లులకి జరిగింది. ఇప్పటికీ అంతకి తగ్గలేదు. జరుగుతున్న పనికి మళ్ళీ చట్టమెందుకు?” ఒకరిద్దరు సభ్యులు తలూపారు. ఒకాయన తొంభై ఒకటా అని పక్కాయన్ని అడిగి రాసుకున్నాడు.

తొంభై ఒకటి. ఆ అంకె నాకు తెలుసు. దాన్ని టైపు చేసింది నేనే. ఆ ఏడాది నివేదికలో అరవై మూడో పేజీ, కింద నుంచి రెండో వరస. కాయల కోసం పెంచిన చెట్టులా దాన్ని ఇన్నేళ్ళూ వాళ్ళు కాపాడుకుంటూ వస్తున్నారని నాకు తెలియదు. నేను రిటైరయ్యాక కూడా అది ఉద్యోగం చేస్తోంది.

“చూశావా వీడు!” అంది పిట్ట, పళ్ళు బిగబట్టి. “తొంభై ఒక్కరంట! మా అమ్మ ఆ మిగిలిన తొమ్మిదిలో ఉందన్నమాట. తొమ్మిదంటే వీళ్ళకి లెక్కే లేదు.” 

లేదమ్మా, తొంభై ఒకటిలోనే ఉంది. అనలేదు. గ్లాసు ఖాళీ అయినా దాన్ని పట్టుకునే ఉన్నాను. 

నింపడానికి ఎంతసేపు పట్టిందని. పాల గిన్నె పొంగేలోపు అయిపోయింది. గత వారం రోజులుగా నవ్వగలుగుతున్నారా, నవ్వగలుగుతున్నాను, సున్నా. రాబోయే వాటి గురించి సంతోషంగా ఎదురు చూస్తున్నారా, సున్నా. కారణం లేకుండా మిమ్మల్ని మీరు నిందించుకుంటున్నారా, ఇక్కడ ఒకటి వేశాను, ఆడవాళ్ళు అనుకుంటారు కదా అని. భయంగా ఉంటోందా, సున్నా. నిద్ర పట్టడం లేదా, ఒకటి, చంటిపిల్ల ఉన్న ఇల్లు కదా, సున్నా వేస్తే నమ్మరు. ఏడుపొస్తోందా, రెండు వెయ్యబోయి ఒకటి చేశాను. పదోది, మీకు మీరు హాని చేసుకోవాలన్న ఆలోచన వచ్చిందా. అక్కడ ఆగానని చెప్పుకోవాలని ఉంది నాకు. ఆగలేదు. పాలు పొంగుతున్నాయి, సున్నా వేసి లేచాను. మొత్తం మూడు. పన్నెండు దాటితే డాక్టరు దగ్గరికి పంపాలని కాగితం కిందే ఉంది. మూడంటే భేషైన తల్లి. మర్నాడు నర్సు వచ్చి చూసుకుని, అమ్మయ్య అంది. ఆ అమ్మయ్య నిజమైనది. వేరేవాళ్ళ ఇళ్ళ బరువు మోస్తున్న మనిషి ఒక ఇంటి బరువు దిగిందనుకుని అన్న మాట అది.

మా ఆవిడకి ఏడుపుకి రెండు వెయ్యాల్సింది కాదు, గడులే చాలవు. కుళాయి తిప్పి, నీళ్ళు పోతుంటే అలా నిలబడిపోయేది. పిల్ల గుడ్డలు మడతపెట్టినవి విప్పి మళ్ళీ మడతపెట్టేది, అంచులు కలవలేదంటూ. ఒకసారి, “దీనికి నాకంటే ఎవరైనా మంచిది దొరికితే బాగుండు,” అంది, కూరలో ఉప్పు తగ్గిందన్నంత మామూలుగా. నేను నవ్వి, ఎక్కడ దొరుకుతుందీ, ఉన్నదానితోనే సరిపెట్టుకోవాలి పాపం, అన్నాను. వేళాకోళం. అంతకుముందు నా వేళాకోళాలకి నవ్వేది, పైట నోటికి అడ్డం పెట్టుకుని భుజాలు ఊగేలా నవ్వేది, అందుకని వేశాను. ఆ రోజు నా వంక చూసింది, నేను ఎక్కడో చాలా దూరంలో ఉన్నట్టూ నన్ను పోల్చుకోవడానికి కళ్ళు చిట్లించాలన్నట్టూ చూసింది. అక్క వారానికొకసారి వచ్చేది. “కానుపైన ఆడదానికి ఏడుపు కొత్తా? మేమంతా కన్లేదూ, పెంచలేదూ? నాలుగు రోజులు పోతే అదే సర్దుకుంటుంది. నువ్వు దాని చుట్టూ తిరగబట్టే అది బెట్టు చేస్తోంది,” అనేది. నేను చుట్టూ తిరిగిందేమీ లేదు. వంట చేశాను, బట్టలుతికాను, పిల్లకి నీళ్ళు పోశాను. ఇరుగుపొరుగు ముక్కున వేలేసుకునేవాళ్ళు, అంత మంచి మొగుడు దొరకడం అదృష్టం అనేవాళ్ళు, ఆ మాట దాని ముందే అనేవాళ్ళు. నాకు లోపల కాస్త గర్వంగా కూడా ఉండేది. అన్నీ చేశాను, ఎలా ఉన్నావు అని అడిగి జవాబు వచ్చేదాకా కూర్చోవడం ఒక్కటి చెయ్యలేదు. జవాబు నాకు ముందే తెలుసు కదా, నింపాను కూడా.

పదకొండో వారంలో, నేను ఆఫీసులో ఉండగా, పిల్లని పక్కింటావిడకి ఇచ్చి, ఇప్పుడే వస్తానని వెళ్ళింది, ఇక రాలేదు. పిల్లకి పాలు పట్టి, గుడ్డ మార్చి, పౌడరు రాసి ఇచ్చిందట. పక్కింటావిడ ఇప్పటికీ ఆ పౌడరు సంగతే చెబుతుంది.

తర్వాత విచారణ. ఆరోగ్య కేంద్రంలో ఒక పెద్ద డాక్టరు, ఇద్దరు అధికారులు, బల్లకి ఇటు నేనూ అక్కా, అటు చివర ఆ నర్సు. అక్క అందుకుంది, ఇంటికొచ్చిన మనిషి పిల్లని ముద్దు చేసి పోయింది గానీ తల్లిని పలకరించిన పాపాన పోలేదు, అని. అది నిజమే కదా, తల్లిని చూడలేదు. పెద్ద డాక్టరు నీలం కాగితం ఎత్తి చూపించి, మరి ఇదెవరు నింపారు అని అడిగాడు. నర్సు నా వంక చూసింది. ఎక్కాల పుస్తకంలో అచ్చేసినట్టుండే నా అంకెలు, ఆవిడ అప్పటికే కేంద్రం రిజిస్టరులో నా సంతకం పక్కన తేదీ చూసింది, తెలిసిపోయింది, తెలిసిపోయిందని నాకూ తెలిసింది. నా ఒళ్ళో పిల్ల ఉంది, ఆకలికి నా చొక్కా గుండీ చీకుతోంది. ఆవిడ పిల్లని చూసింది. “నేను ఇంట్లో ఇచ్చి వచ్చానండి. ఎదురుగా కూర్చుని అడగలేదు. తప్పు నాదే,” అంది. అంతే. ఆవిణ్ణి ఎక్కడో కొండల అవతల కేంద్రానికి వేశారు. వెళ్ళేరోజు బస్టాండులో చూశాను, ఒక ట్రంకుపెట్టె, ఒక చాప. దగ్గరికెళ్ళి ఏదైనా అనాల్సింది. స్తంభం వెనక నిలబడ్డాను. జీవితంలో నామీద అంత జాలి చూపించిన మనిషి ఇంకొకరు లేరు, ఆ జాలి నేను మింగి కూర్చున్నాను, అరగలేదు.

ఆర్నెల్లకి ఆ కాగితాలన్నీ కట్టలుగా మా ఆఫీసుకే వచ్చాయి. మా కేంద్రం కట్ట నా బల్ల మీదికే వచ్చింది. వేరేవాళ్ళకి ఇవ్వండి అనొచ్చు, అనలేదు, అంటే ఎందుకని అడుగుతారు. తాడు విప్పాను. నూట నలభై కాగితాలు. నాది డెబ్భై రెండోది. దానికంటే ఘోరం మిగతావి. ఒక కాగితంలో పై నుంచి కిందికి స్కేలు పెట్టినట్టు ఒకే గీత, అన్నీ సున్నాలు. ఇంకోదాంట్లో అత్తగారి వేలిముద్ర. ఇంకోదాంట్లో కార్బను పెట్టి రెండిళ్ళకి ఒకేసారి వేశారు. ముప్ఫై నలభై కాగితాల మీద ఒకే కలం, ఒకే చెయ్యి, ఆ కేంద్రంలోనే ఎవరో నాలాంటివాడు కూర్చుని కానిచ్చేశాడు. అక్కడక్కడ మాత్రం, ఎంచితే పాతిక ఉంటాయేమో, వణుకుతున్న అంకెలు, కొట్టేసి మళ్ళీ వేసినవి, పదో ప్రశ్న దగ్గర నీళ్ళు పడి అలుక్కుపోయినవి. ఆ పాతికమందే పరీక్ష రాసినవాళ్ళు. పెద్ద గుమాస్తా వచ్చి, ఖాళీ గడులేమైనా ఉన్నాయా అన్నాడు. లేవండి అన్నాను. అయితే అన్నీ ‘జరిగింది’ కిందే వెయ్యి అన్నాడు. వేశాను. డెబ్భై రెండోది కూడా. పరీక్ష, జరిగింది. ముప్పు, లేదు. అప్పటికి మా ఆవిణ్ణి కాటికి సాగనంపి ఏడు నెలలు. పై కేంద్రాలూ కింది కేంద్రాలూ కలిపితే తొంభై ఒకటి వచ్చింది. పెద్ద గుమాస్తా అందరికీ టీ తెప్పించాడు.

ఇప్పుడు ఆ అధికారి తెరలో కూర్చుంటున్నాడు, అందరికీ నమస్కారం పెట్టి. లాయరమ్మ లోపల్నుంచి విసవిసా వచ్చింది, చేతిలో ఫైళ్ళు, నుదుటి మీద కళ్ళద్దాలు. “విన్నారుగా బాబాయ్ గారూ, తొంభై ఒకటని బల్ల గుద్దాడు. మన దగ్గర దానికి జవాబు లేదు. మీరు మొదటి వాక్యం గట్టిగా పట్టుకోండి. ఎవరూ అడగలేదు. వాళ్ళ అంకెకి మన మనిషి, అంతే!” అంటూ నా కాలరు సర్దింది. పిట్ట, “ఆ నర్సు సంగతి కూడా చెప్పు నాన్నా, మొహమాటపడకు. అది ఒక్కసారి అమ్మ మొహం చూసి ఉంటే నాకు అమ్మ ఉండేది,” అంది. చిన్నప్పటినుంచీ అంటోంది. బళ్ళో మా అమ్మ గురించి పది వాక్యాలు రాయమంటే రెండు వాక్యాలు అమ్మ గురించి, ఎనిమిది నర్సు గురించి రాసింది. నేను దిద్దిపెట్టాను, అక్షరాలు మాత్రం.

కళ్ళద్దాల షాపులో పనిచేస్తుంది పిట్ట, కళ్ళు పరీక్ష చేస్తుంది. ఒకసారి అటువైపు వెళ్ళి కాసేపు కూర్చున్నాను. ఒకావిడ కుర్చీలో ఉంది, మొగుడు వెనక నిలబడ్డాడు. పిట్ట అద్దం మార్చి, ఇది బాగుందా, ముందుదే బాగుందా అంది. మొగుడు, ముందుదే బాగుందండీ, ఆవిడకి అదే సరిపోతుంది, అన్నాడు. పిట్ట అద్దం చేత్తో పట్టుకుని వెనక్కి తిరిగి, “కళ్ళు ఆవిడవి కదండీ, మీకెలా తెలుస్తుంది?” అంది. షాపంతా గొల్లుమంది, ఆయన కూడా నవ్వాడు, ఆవిడ అయితే కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. నేను పనున్నట్టు లేచి బయటికొచ్చి, రోడ్డు దాటి, మూసేసిన ఒక కొట్టు ముందు చాలాసేపు నిలబడ్డాను. 

వచ్చే మూడు నెలల్లో పిట్టకి కానుపు. ఆ తర్వాత ఆరో వారం వస్తుంది. ఎవరో ఒకరు మెట్లెక్కి వస్తారు, లేదా ఎవరూ రారు, ఫోనుకి పది ప్రశ్నలు వస్తాయి, అల్లుడు మంచివాడు, ఇంటిపనంతా చేస్తాడు, చదువుకున్నవాడు. బల్ల మీద ఫోను ఉంటుంది. తొంభై ఒకటిలో ఇదీ ఒకతె అవుతుంది. ఆ ఆలోచన వచ్చాక ఇక కాగితం వైపు చూడలేకపోయాను. పిట్ట నన్ను మళ్ళీ నాన్నా అనకపోవచ్చు. అనకపోనీ. 

“ఏడో సాక్షి!” బంట్రోతు తలుపు తీసి పట్టుకున్నాడు. నేను లేవడానికి తడబడితే, ఎవరూ చూడకుండా మోచేతి కింద చెయ్యి వేసి లేపాడు, తొందరేం లేదు సార్ అన్నాడు. పిట్ట వెనక వరసలో, చూడవచ్చినవాళ్ళ కుర్చీల్లో కూర్చుంది. నేను తిరిగి చూడలేదు. అధ్యక్షురాలు పెద్దావిడ, మైకు నా వైపు తనే వంచింది, మూడు నిమిషాలు అంది. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. నా భార్యని అడగడానికి వచ్చారండి అన్నాను. కాగితం ఇచ్చారు, దాన్ని నింపింది నేను. లాయరమ్మ తల వంచేసుకుంది. ఆ కాగితం మళ్ళీ నా బల్ల మీదికే వస్తే, జరిగింది అని వేసిందీ నేనే. ఇందాక చెప్పిన తొంభై ఒకటి నేను టైపు చేసిన అంకె. నూట నలభై కాగితాల కట్టలో ఆడవాళ్ళు స్వయంగా రాసినవి పాతిక ఉంటాయి, మిగతావి మాలాంటివాళ్ళు రాసినవి, అది ఒక్క కేంద్రం కట్ట, మిగతా కట్టలు నేను విప్పలేదు, విప్పినవాళ్ళెవరూ చెప్పరు. ఆ నర్సు తప్పు చెయ్యలేదు, నా బదులు ఒప్పుకుంది. ఇవన్నీ ఇంతే పొందికగా అన్నానో లేదో తెలియదు. గది నిశ్శబ్దమేమీ అవలేదు. ఎవరో దగ్గారు, ఫోను మోగింది. అంకె రాసుకున్న సభ్యుడు ముందుకి వంగి, “అంటే ప్రభుత్వం అడిగింది, మొగుడు అబద్ధం రాశాడు. మీరే ఒప్పుకుంటున్నారు. దీనికి చట్టమెందుకండీ పెద్దాయనా, మొగుళ్ళకి కాస్త బుద్ధుంటే చాలదూ?” అన్నాడు. నలుగురు నవ్వారు.

“చాలదండి,” అన్నాను. “నాకు బుద్ధుంది. డిగ్రీ కూడా ఉంది. ఇంటిపనంతా చేశాను. అయినా అదే రాశాను.”

అధికారి తన కాగితాల్లో ఏదో వెతుక్కుంటున్నాడు. అధ్యక్షురాలు గడియారం చూసి, మీ టైము అయిపోయింది, నాలుగో సెక్షన్ని ఇవాళ తేల్చొద్దు, పక్కన పెట్టి మళ్ళీ చూద్దాం, అంది. తీసెయ్యలేదు, ఉంచలేదు. ఎనిమిదో సాక్షిని పిలిచారు. 

బయటికి వచ్చేసరికి పిట్ట కారిడార్ చివర కిటికీ దగ్గర నిలబడి ఉంది. నేను దగ్గరికి వెళ్ళి, రెండడుగుల దూరంలో ఆగాను. కింద వాహనాలు బారులు తీరి కదలకుండా ఉన్నాయి. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. 

“నేను ఆవిణ్ణి తిట్టినప్పుడల్లా వింటూ కూర్చున్నావు కదూ,” అంది.

“అవునమ్మా.”

“ఇన్నేళ్ళూ.”

కిటికీ ఊచ మీద దాని వేళ్ళు తెల్లబడి ఉన్నాయి. నా వైపు తిరిగి, షాపులో మనుషుల్ని అడిగేటప్పుడు చూసినట్టే, కళ్ళలోకి, తొందర లేకుండా చూసింది.

“నర్సొచ్చినప్పుడు అమ్మ నిజంగా నిద్రపోతోందా?” 

ఇది నన్నెవరూ అడగలేదు. విచారణలో అడగలేదు, అక్క అడగలేదు, లాయరమ్మ అడగలేదు, నన్ను నేను అడుక్కోబోయిన ప్రతిసారీ లేచి ఏదో ఒక పని చూసుకున్నాను.

“లేదు,” అన్నాను. “పక్క గదిలో మెలకువగానే ఉంది. మాటలు వినబడి, ఎవరొచ్చారు అని అడిగింది.”

“నువ్వేమన్నావు?”

“ఎవరూ లేరు, పడుకో అన్నాను.”

పిట్ట తల ఊపింది, విన్నానన్నట్టు, అంతే. సంచీ భుజానికి తగిలించుకుంది. “నేను ముందు వెళ్తున్నా. నువ్వు తర్వాత బస్సుకి రా,” అంది, మామూలు గొంతుతో. లిఫ్టు దగ్గర ఆగకుండా మెట్ల వైపు నడిచింది. ఒక చెయ్యి గోడకి ఆనించి, ఒక చెయ్యి పొట్ట కింద పెట్టుకుని దిగుతోంది.